చలికాలపు కిటికీలో పూలగడ్డలు

అక్టోబరు సగం దాటిందంటే ఇక్కడి దుకాణాల్లో చిన్న చిన్న అట్టపెట్టెలు బారులు తీరతాయి. పెట్టె మీద అరచేయంత ఎర్రపువ్వు బొమ్మ ఉంటుంది. లోపల పెద్ద ఉల్లిపాయ లాంటి గడ్డ ఒకటి, ప్లాస్టిక్ కుండీ ఒకటి, బిళ్ళలా నొక్కిన కొబ్బరిపీచు పొడి కొంచెం. మనలో చాలామంది దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ చలిలో ఏం పూస్తుందిలే" అనుకుని మళ్ళీ అక్కడే పెట్టేస్తాం.

పూస్తుంది. మేముండే మిషిగన్‌లో నవంబరు నుంచి మార్చి దాకా పెరట్లో పచ్చని ఆకు కనబడదు. సాయంత్రం ఐదున్నరకే చీకటి. పూజకి నాలుగు పూలు కావాలంటే దుకాణానికి పోవాల్సిందే, ఆ పూలేమో నాలుగు రోజులకే వాడిపోతాయి. అలాంటి రోజుల్లో కిటికీ దగ్గర కుండీలో ఒక గడ్డ మొలకెత్తి, రోజుకింత పొడుగు సాగి, మంచు కురుస్తుండగా పువ్వు విప్పడం చిన్న సంతోషం కాదు. దీనికి పెరడు అక్కర్లేదు. అపార్ట్‌మెంటులో ఒక్క కిటికీ చాలు.

అయితే ఇంట్లో చంటిపిల్లలు గానీ, పిల్లి గానీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు గానీ ఉంటే ముందే తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. పెట్టె మీద అవి రాసి ఉండవు, రాసినా చీమ తలంత అక్షరాల్లో ఉంటాయి. అందుకే పెంచే పద్ధతితో పాటు వాటినీ ఇక్కడ చెబుతున్నాను.

గడ్డలో ఏముంటుంది?

ఉల్లిపాయని నిలువుగా కోసి చూడండి. అడుగున వేళ్ళు వచ్చే గట్టి బిళ్ళ, దాని మీద ఒకదాన్నొకటి చుట్టుకున్న పొరలు, మధ్యలో చిన్న మొలక. మన పాఠ్యపుస్తకాల్లో దీన్నే లశునం అన్నారు. ఆ పొరలన్నీ నిజానికి ఆకులే. ఆహారం, నీరు దాచుకుని ఉబ్బిన ఆకులు. ఎండాకాలంలో గానీ చలికాలంలో గానీ బతకడం కష్టమైన చోట మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. పైన అంతా ఎండిపోయినా లోపల రేపటి పువ్వు మొగ్గ రూపంలో సిద్ధంగా ఉంటుంది.

పూలగడ్డల్లో రెండు జాతులున్నాయని అనుకోండి. తులిప్, హయసింత్ వంటివి చలిదేశాలవి. పన్నెండు వారాలో ఇంకా ఎక్కువో చలిలో ఉంటే తప్ప అవి సరిగ్గా పూయవు. వాటిని ఇంట్లో పూయించాలంటే ముందు ఫ్రిజ్‌లో పెట్టాలి. రెండో రకం వెచ్చని దేశాలవి. వాటికి చలి అక్కర్లేదు సరికదా, గడ్డకట్టే చలి తగిలితే కుళ్ళిపోతాయి. ఇక్కడ నేను చెబుతున్నవి ఈ రెండో రకం. మనం హాయిగా ఉండే వేడిలోనే అవీ హాయిగా ఉంటాయి. అందుకే అవి ఇంట్లో పెంచడానికి తేలిక.

'లిల్లీ' అనే పేరుతో జాగ్రత్త

గుడిమల్కాపూర్ మార్కెట్లోనైనా, కడియపులంకలోనైనా "లిల్లీ పూలు" అంటే దండలకి గుచ్చే తెల్లని, సువాసన గల నేలసంపెంగ పూలే ఇస్తారు. మనం చిన్నప్పటి నుంచీ ఎరిగిన లిల్లీ అదే. ఇక్కడ పూలకొట్లో "లిల్లీ" అంటే వేరే మొక్క. పెద్ద తెల్లని, గులాబిరంగు పూలు, మధ్యలో ఇటుకరంగు పుప్పొడితో ఊగే కేసరాలు ఉంటాయి. ఈస్టర్ లిల్లీ, స్టార్‌గేజర్ లిల్లీ, టైగర్ లిల్లీ అన్నీ ఆ జాతివే.

ఇది మాటల తేడా మాత్రమే కాదు. ఆ అసలు లిల్లీలు పిల్లులకి ప్రాణాంతకం. ఆకు కొరికినా, ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకినా, పూలు పెట్టిన జాడీలో నీళ్ళు తాగినా మూత్రపిండాలు దెబ్బతిని రెండు మూడు రోజుల్లో చనిపోవచ్చు. రోడ్ల పక్కన పసుపు, నారింజ రంగుల్లో కనిపించే డే లిల్లీ కూడా పిల్లులకి అంతే ప్రమాదం. మా ఊళ్ళో ఒక తెలుగువాళ్ళింట్లో వ్రతానికని "లిల్లీలు" తెచ్చి కలశం పక్కన జాడీలో పెట్టారు. మర్నాటికి వాళ్ళ పిల్లి తిండి మానేసి మూలన పడుకుంది. వెంటనే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్ళారు కాబట్టి మూడు రోజులు సెలైన్ ఎక్కించి బతికించారు. ఆలస్యమైతే దక్కేది కాదన్నారట.

మన లిల్లీ, అంటే నేలసంపెంగ, పిల్లులకీ కుక్కలకీ విషం కాని మొక్కల జాబితాలో ఉంది. ఇక్కడ దాన్ని ట్యూబ్‌రోజ్ అంటారు. పూలకొట్లో అడగాల్సింది ఆ పేరే. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు.

అమరిల్లిస్: మొదటిసారి పెంచేవాళ్ళకి

పెట్టెల్లో అమ్మే గడ్డ చాలావరకు ఇదే. వృక్షశాస్త్రం ప్రకారం దీని పేరు హిప్పియాస్ట్రమ్, పుట్టిల్లు దక్షిణ అమెరికా. అసలు అమరిల్లిస్ దక్షిణాఫ్రికాది. ఏది ఏ పేరుకి చెందాలన్న వాదన చాలాకాలం నడిచి, 1987లో అంతర్జాతీయ వృక్షశాస్త్ర సభలో తేలింది. అయినా దుకాణాలు పాత పేరు వదల్లేదు, మనమూ అదే అందాం. మన ఊళ్ళలో వేసవిలో పెరటి గోడల వెంట ఎర్రగా, గొట్టం ఆకారంలో పూసే పూలు ఈ జాతివే. ఇక్కడి పెట్టెల్లోవి వాటికి అక్కచెల్లెళ్ళు, కాకపోతే పువ్వు ఇంకా పెద్దది.

కొనేటప్పుడు గడ్డ పెద్దదిగా చూసుకోండి. గడ్డ చుట్టుకొలత సెంటీమీటర్లలో రాస్తారు. 26/28 అంటే మంచి సైజు, ఒకటి లేదా రెండు కాడలు వస్తాయి. 34/36 అయితే రెండో మూడో రావచ్చు, ఖరీదూ ఎక్కువే. ఒక్కో కాడకి సాధారణంగా నాలుగు పూలు. చేత్తో నొక్కితే ఉల్లిపాయలాగే గట్టిగా ఉండాలి. మెత్తబడినా, బూజు పట్టినా, అడుగున తడిగా ఉన్నా వద్దు. పెట్టెలోనే పాలిపోయిన మొలక వంకర తిరిగి జానెడు పెరిగిపోయిన వాటినీ వదిలేయండి.

నాటడం ఇలా:

కుండీ గడ్డ కంటే అంగుళం, రెండంగుళాలు మాత్రమే వెడల్పుండాలి. పెద్ద కుండీలో వేస్తే మట్టిలో తడి నిలిచి గడ్డ కుళ్ళుతుంది. అడుగున చిల్లు తప్పనిసరి. గడ్డ బరువు, తర్వాత పూల బరువు ఆగాలంటే మట్టికుండీ మేలు.

మట్టి వేసి గడ్డని మెడ పైకి ఉండేలా నిలబెట్టి, మూడింట రెండొంతులు మట్టిలో, ఒక వంతు బయట ఉండేలా సర్దండి. సగం బయట ఉన్నా ఫర్వాలేదు. మొత్తం పూడ్చేయకండి.

ఒకసారి గోరువెచ్చని నీళ్ళు బాగా పోసి, పళ్ళెంలోకి దిగిన నీళ్ళు పారబోయండి. ఆ తర్వాత మొలక కనిపించేదాకా నీళ్ళు చాలా తక్కువ. వేలు పెట్టి చూస్తే పై అంగుళం పొడిగా ఉన్నప్పుడే పోయాలి, అదీ గడ్డ మెడలో పడకుండా చుట్టూ. ఈ గడ్డలు చచ్చిపోయేది దాహంతో కాదు, ఎక్కువ నీళ్ళతో.

65 నుంచి 75 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 18 నుంచి 24 సెల్సియస్ వేడి సరిపోతుంది. దక్షిణం వైపు కిటికీ దొరికితే అంతకంటే ఏం కావాలి. కాడ వెలుగు వైపు వంగుతుంది కాబట్టి రెండు రోజులకోసారి కుండీని తిప్పండి. జానెడు పెరిగాక పక్కన సన్నటి కర్ర గుచ్చి వదులుగా కట్టండి.

ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పూస్తుంది, ఒక్కోసారి పది వారాలూ పడుతుంది. మొగ్గ రంగు చూపించగానే కుండీని కొంచెం చల్లని గదిలోకి మారిస్తే పూలు ఎక్కువ రోజులుంటాయి.

మూడేళ్ళ క్రితం మా అమ్మ నవంబరులో వచ్చి ఏప్రిల్ దాకా ఉంది. ఆయన ఆఫీసుకి, పిల్లలు బడికి, బయట అడుగు పెడితే జారే మంచు. టీవీ ఎంతసేపని చూస్తుంది? గడ్డ పెట్టె తెరవగానే "ఇదేం ఉల్లిపాయే, బాలింత తలంత ఉంది" అంది. నాటిన రెండు వారాలకి మొలక వచ్చింది. కాడ లేచాక పక్కన గుచ్చిన కర్ర మీద రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ పెన్సిలుతో గీత పెట్టేది. కొన్ని రోజులు గీతకీ గీతకీ మధ్య అంగుళం పైనే ఎడం. హైదరాబాదులో ఉన్న నాన్నకి ఫోను చేసి మనవల సంగతుల తర్వాత అదే చెప్పేది. ఇంట్లో కదలకుండా కూర్చోవాల్సి వచ్చిన పెద్దవాళ్ళకి రోజూ ఏదో ఒకటి మారే మొక్క ఎంత తోడో అప్పుడు చూశాను. ఈ చలికాలం మీ ఇంటికి పెద్దవాళ్ళు వస్తుంటే ఒక గడ్డ వాళ్ళ పేరున నాటండి. నీళ్ళ లెక్క కూడా వాళ్ళకే అప్పగించండి.

పూలు రాలాక గడ్డని పారేయొద్దు

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పువ్వు వాడగానే కుండీతో సహా చెత్తబుట్టలోకి. నిజానికి ఒక్క గడ్డ ఏళ్ళ తరబడి పూస్తుంది, పిలకలూ పెడుతుంది.

ఇందులో ఒక చక్కని లెక్క ఉంది. ఈ గడ్డలో దాదాపు ప్రతి నాలుగు ఆకులకీ ఒక పూమొగ్గ తయారవుతుంది. మనం ఈ ఏడాది చూసిన పువ్వు కొనకముందే ఎవరి తోటలోనో పెరిగిన ఆకుల పుణ్యం. వచ్చే ఏడాది పువ్వు మాత్రం మన ఇంట్లో ఇప్పుడు పెరగబోయే ఆకుల మీద ఆధారపడుతుంది. కాబట్టి వాడిన పూల కాడని గడ్డకి రెండంగుళాల పైన కోసేయండి, ఆకుల్ని మాత్రం ముట్టుకోకండి. వాటికి బాగా వెలుగు, మట్టి పైభాగం ఆరినప్పుడల్లా నీళ్ళు, రెండు మూడు వారాలకోసారి పలచటి ఎరువు కావాలి.

మే నెలాఖరులో, రాత్రిళ్ళు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గని రోజులు వచ్చాక కుండీని బయట పెట్టొచ్చు. ముందు ఒకట్రెండు వారాలు నీడలో ఉంచి మెల్లగా ఎండకి అలవాటు చేయాలి, లేకపోతే ఆకులు మాడిపోతాయి.

ఇక మన ఇళ్ళల్లో అందరికీ వచ్చే ప్రశ్న: జూన్, జూలైలో పిల్లల సెలవులకి ఇండియా వెళ్తే ఎలా? గడ్డలో నీరు, ఆహారం దాచుకున్న మొక్క కాబట్టి తోటకూర, కొత్తిమీరల్లా రెండు రోజులకే వాలిపోదు. బయలుదేరే ముందు బాగా నీళ్ళు పోసి, ఎండ నేరుగా పడని చోట, వాన తగిలేలా పెట్టండి. ఎవరైనా పక్కింటివాళ్ళు వారానికోసారి నీళ్ళు పోస్తే మరీ మంచిది. నాలుగైదు ఆకులు ఎండినా గడ్డ గట్టిగా ఉంటే తిరిగి చిగురిస్తుంది.

సెప్టెంబరులో, మంచు పడక ముందే లోపలికి తెచ్చి నీళ్ళు ఆపేయండి. ఆకులు పసుపెక్కి ఎండిపోతాయి. ఎండిన ఆకులు తీసేసి, కుండీని బేస్‌మెంటులోనో, చల్లని అల్మారాలోనో 50 నుంచి 55 డిగ్రీల దగ్గర ఎనిమిది నుంచి పది వారాలు నిద్రపోనివ్వండి. తర్వాత పై మట్టి కొంచెం మార్చి, నీళ్ళు పోసి, వెలుగులోకి తెస్తే కథ మళ్ళీ మొదలు.

గడ్డకి మైనం పూసి, నీళ్ళు కూడా అక్కర్లేదంటూ అమ్మేవి ఉంటాయి. బల్ల మీద పెడితే పూస్తాయి, నిజమే. కానీ వాటికి వేళ్ళు పెరిగే దారి ఉండదు, తరచు అడుగున తీగ గుచ్చి ఉంటుంది. వచ్చే ఏడాదికి మిగలడం కష్టం. పదేళ్ళు పూయించాలని ఉంటే మామూలు గడ్డే కొనండి.

పేపర్‌వైట్: రాళ్ళలో, నీళ్ళలో

మట్టి కూడా వద్దనుకునేవాళ్ళకి ఇది. నార్సిసస్ జాతిలోదే అయినా మధ్యధరా సముద్ర ప్రాంతానిది కాబట్టి దీనికి చలి అవసరం లేదు. వెడల్పాటి గాజు గిన్నెలో రెండు మూడంగుళాలు గులకరాళ్ళు పోసి, ఐదారు గడ్డల్ని ఒకదాని పక్కన ఒకటి ఆనించి నిలబెట్టండి. నీళ్ళు గడ్డ అడుగుని తాకీ తాకనట్టు ఉండాలి. గడ్డ మునిగితే కుళ్ళుతుంది. వేళ్ళు దిగేదాకా వారం రోజులు కొంచెం చల్లగా, చీకటిగా ఉన్న చోట ఉంచి, తర్వాత కిటికీ దగ్గర పెట్టాలి. నాలుగు నుంచి ఆరు వారాల్లో చిన్న చిన్న తెల్లపూల గుత్తులు వస్తాయి.

దీంతో చిక్కేమిటంటే వెలుగు తక్కువైన చలికాలంలో ఆకులు, కాడలు గడ్డిలా పొడుగు పెరిగి పక్కకి పడిపోతాయి. దీనికి కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం మిల్లర్ బృందం 2006లో ఒక ఉపాయం చెప్పింది. మొలక ఒకటి రెండంగుళాలు పెరిగాక గిన్నెలో నీళ్ళు పారబోసి, 4 నుంచి 6 శాతం ఆల్కహాలు కలిపిన నీళ్ళు పోయాలి. మందుల షాపులో దొరికే 70 శాతం రబ్బింగ్ ఆల్కహాలు ఒక పాలు, నీళ్ళు పదకొండు పాళ్ళు కలిపితే దాదాపు 6 శాతం అవుతుంది. ఆల్కహాలు వల్ల వేళ్ళు నీటిని కాస్త తక్కువ పీల్చుకుంటాయి, దాంతో కాడ మూడో వంతు నుంచి సగం దాకా పొట్టిగా, గట్టిగా పెరుగుతుంది. పూల సైజు మాత్రం తగ్గదు. 10 శాతం దాటితే మొక్క దెబ్బతింటుంది. బీరు, వైను పోయకూడదు, వాటిలో చక్కెర మొక్కకి పడదు. ఈ నీళ్ళు కలిపిన గిన్నె పిల్లలకి అందకుండా పెట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

పేపర్‌వైట్ వాసన కొందరికి ప్రాణం, కొందరికి తలనొప్పి. అందులో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. మన మల్లెపూలలో ఉండేదీ అదే. కొంచెం ఉంటే పరిమళం, మోతాదు మించితే ముక్కు మూసుకోవాలనిపించే వాసన. పడకగదిలో పెట్టకుండా హాల్లో పెట్టుకుంటే మంచిది. నీళ్ళలో పూసిన గడ్డ తన నిల్వంతా ఖర్చుపెట్టేస్తుంది. దీన్ని మాత్రం మళ్ళీ పూయించడానికి తంటాలు పడకండి.

మన నేలసంపెంగ

అందరికీ కోరిక దీని మీదే. మనకి అంత దగ్గరైన ఈ పువ్వు పుట్టిల్లు మెక్సికో. కలబందలా కనిపించే అగేవ్ కుటుంబంలోది. వేడి, ఎండ బాగా కావాలి. అందుకే నిజం చెప్పాలంటే చలికాలంలో కిటికీ దగ్గర దీన్ని పూయించడం కష్టం. చలిదేశాల్లో దీనికి సరైన పద్ధతి, వసంతంలో ఇంట్లో మొలకెత్తించి, వేసవిలో బయట ఎండలో పెట్టి, చలి మొదలవగానే లోపలికి తేవడం.

నాటిన దగ్గర్నుంచి పూయడానికి మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతానికి సొంత పూలు కావాలంటే ఏప్రిల్ మొదటి పక్షంలోనే నాటాలి. ఎనిమిదంగుళాల కుండీలో మూడు నాలుగు గడ్డలు, రెండంగుళాల లోతున. వెచ్చగా ఉండే చోట పెట్టండి, చల్లని మట్టిలో మొలకెత్తదు. రాత్రి వేడి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక బయట పూర్తి ఎండలోకి మార్చండి. పెరిగేటప్పుడు నీళ్ళు, ఎరువు ధారాళంగా ఇవ్వాలి.

కొనేటప్పుడు "సింగిల్" అని అడగండి. మన దండల్లో పూలలా ఒంటి రెక్కల వరస ఉండే రకం అది. "ది పెర్ల్" అనే పేరుతో దొరికేది ముద్ద రకం. ఒకసారి పూసిన గడ్డ మళ్ళీ పూయదు, దాని చుట్టూ వచ్చిన పిలకలు పెద్దవై పూస్తాయి. కాబట్టి శరదృతువులో ఆకులు ఎండాక గడ్డల గుంపుని తీసి, ఆరబెట్టి, పొడి పీట్‌లో పెట్టి 60 డిగ్రీలకి తగ్గని చోట దాచండి. ఫ్రిజ్‌లో గానీ, చల్లని గరాజులో గానీ పెడితే వచ్చే ఏడాది పూత పోతుంది.

పండగల లెక్కన నాటే రోజులు

సంక్రాంతికి అమరిల్లిస్ కావాలంటే నవంబరు మూడో వారంలో నాటండి. పేపర్‌వైట్ అయితే డిసెంబరు మొదటి వారం. ఉగాదికి అమరిల్లిస్ కావాలంటే జనవరి చివర్లో. క్రిస్మస్ అయిపోగానే దుకాణాల్లో మిగిలిన గడ్డలు సగం ధరకే వస్తాయి, గట్టిగా ఉన్నవి ఏరుకోండి. నాటేదాకా చల్లగా, పొడిగా, చీకటిగా ఉన్న చోట ఉంచాలి. ఆపిల్ పళ్ళ పక్కన మాత్రం వద్దు. పళ్ళ నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు గడ్డ లోపలి మొగ్గని పాడుచేస్తుంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఏసీ గదిలో కిటికీ పక్కన, చల్లగాలి నేరుగా తగలని చోట పెంచొచ్చు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల వాళ్ళు పైన చెప్పిన నెలలకి ఆరు నెలలు కలుపుకోవాలి. మలేషియా లాంటి వేడి చోట అమరిల్లిస్‌ని బయటే పెంచొచ్చు, కానీ నీళ్ళు తగ్గించి కొన్ని వారాల విశ్రాంతి ఇవ్వకపోతే ఆకులే వస్తాయి, పూలు రావు.

మచ్చలు, పురుగులు

గడ్డ మీద, ఆకు మీద, కాడ మీద ఎర్రటి మచ్చలు, గీతలు వస్తే అది బూజు తెగులు. స్టాగనోస్పోరా అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. ఎర్రబడిన ఆకుల్ని కోసేసి, నీళ్ళు తగ్గించి, ఆకుల మీద తడి పడకుండా చూడండి. ఆకుల మీద పసుపు చారలు పడి మొక్క ఏటేటా నీరసిస్తుంటే అది వైరస్. దానికి మందు లేదు, గడ్డని పారేయాలి. ఒక మొక్కని కోసిన కత్తితోనే ఇంకోదాన్ని కోయకండి, మధ్యలో ఆల్కహాలుతో తుడవండి. కుండీ చుట్టూ చిన్న నల్ల ఈగలు ఎగురుతుంటే మట్టి ఎప్పుడూ తడిగా ఉందని అర్థం. మట్టిని ఆరనివ్వడమే మొదటి వైద్యం.

వంటింట్లోకి రానివ్వద్దు

అమరిల్లిస్, పేపర్‌వైట్, డాఫోడిల్ గడ్డల్లో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. తింటే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు. మన వైపు గుళ్ళ దగ్గర, కాలువ గట్ల మీద పెరిగే విషముంగలి కూడా ఈ కుటుంబంలోదే. మన పెద్దలు పేరులోనే హెచ్చరిక పెట్టారు. ఉడికించినా ఈ విషం పోతుందనుకోకూడదు. ఇంగ్లండులో డాఫోడిల్ గడ్డల్ని ఉల్లిపాయలనీ, కాడల్ని చైనీయుల కూరాకు అనీ పొరబడి తిన్న సంఘటనలు జరిగాక, 2015లో అక్కడి ప్రజారోగ్య శాఖ వాటిని కూరగాయల దగ్గర పెట్టి అమ్మొద్దని సూపర్‌మార్కెట్లని కోరింది.

మన ఇళ్ళల్లో ఈ భయం ఇంకాస్త ఎక్కువ. ఉల్లిపాయ లేని పూట ఉండదు. వంట తరచు ఇంగ్లీషు అక్షరాలు చదవని అత్తగారి చేతిలోనో, అమ్మ చేతిలోనో ఉంటుంది. కాబట్టి గడ్డల్ని వంటింట్లో, ఫ్రిజ్‌లో, ఉల్లిపాయల బుట్ట దరిదాపుల్లో పెట్టొద్దు. సంచీ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో "పూలగడ్డ, తినకూడదు" అని రాసి అంటించండి. పాకే పిల్లలున్న ఇంట్లో కుండీ నేల మీద కాకుండా ఎత్తున ఉండాలి. పిల్లులకీ కుక్కలకీ కూడా ఈ గడ్డలు విషమే. అందరికంటే ఎక్కువగా గడ్డలు తవ్వి కొరికేది కుక్కపిల్లలే.

ఎవరైనా కొరికారని తెలిస్తే అమెరికాలో విషప్రమాదాల సహాయ కేంద్రం నంబరు 1-800-222-1222. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు, తెలుగు మాట్లాడే దుబాసీ కావాలని అడగొచ్చు. మొక్క పేరు చెప్పాలి కాబట్టి పెట్టె మీది చీటీ దాచుకోండి. ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా 911కే చేయండి.

గడ్డలు ముట్టుకుంటే కొందరికి చేతులు దురద పెడతాయి. చేమదుంపలు చెక్కు తీసినప్పుడు దురద ఎందుకో ఇదీ అందుకే. సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు చర్మంలో గుచ్చుకుంటాయి. చేతి తొడుగులు వేసుకోండి.

విషమున్న చోటే మందూ ఉంటుందంటారు. ఈ కుటుంబపు మొక్కల్లోనే గాలంటమిన్ అనే పదార్థం దొరికింది. మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బుకి మందుగా 2001లో అమెరికా ఔషధ సంస్థ దాన్ని ఆమోదించింది. అలాగని ఇంట్లో వైద్యాలు చేయకండి!

ఇండియా నుంచి తెచ్చుకోవచ్చా?

"అమ్మవాళ్ళ పెరట్లో నేలసంపెంగ గడ్డలు నాలుగు సూట్‌కేసులో వేసుకొస్తే?" అని చాలామంది అడుగుతారు. నాటే గడ్డలకి భారత ప్రభుత్వ సస్యరక్షణ విభాగం ఇచ్చే ఆరోగ్య ధృవీకరణ పత్రం ఉండాలి. మట్టి అంటుకుని ఉండకూడదు. విమానాశ్రయంలో చెప్పి తీరాలి. చెప్పకుండా దొరికితే గడ్డలు పోతాయి, జరిమానా పడుతుంది. పెరటి మట్టిలో మన కంటికి కనిపించని పురుగులు, తెగుళ్ళు ఇక్కడి పొలాలకి కొత్తవి కావొచ్చు, అందుకే ఆ నిబంధన. ఇక్కడి నర్సరీల్లో వసంతంలో నేలసంపెంగ గడ్డలు దొరుకుతున్నప్పుడు ఆ తిప్పలు ఎందుకు?

మొదటిసారి అయితే ఒకే ఒక్క అమరిల్లిస్ గడ్డతో మొదలుపెట్టండి. ఈ వారమే నాటి, కుండీ మీద తేదీ రాయండి. పూసిన రోజు కూడా రాసుకోండి. మీ ఇంటి వేడికి, మీ కిటికీ వెలుగుకి ఎన్ని వారాలు పడుతుందో ఆ లెక్క చెబుతుంది. వచ్చే ఏడాది ఏ పండగకి పూయించాలో అప్పుడు మీరే నిర్ణయించుకోవచ్చు. రెండు మూడేళ్ళకి పిలకలు వచ్చాక విడదీసి, పసుపు కుంకుమలతో పాటు వాయనంలో ఒకటి పెట్టి స్నేహితురాలికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "ఇది ఉల్లిపాయ కాదు" అని చెప్పడం మాత్రం మరిచిపోకండి.